గర్భసంచి జబ్బు... కుక్కదైనా దాచొద్దు!

ఇరవై, ముప్పై ఏళ్ల కిందట మన ఊళ్లలో కుక్క అంటే వాకిట్లో ఉండేది. మిగిలిన అన్నం పెడితే తినేది, రాత్రిపూట మొరిగేది, అంతే. ఇప్పుడలా కాదు. హన్మకొండ నక్కలగుట్టలో అపార్ట్‌మెంటుకు పోయినా, కాజీపేటలో రైల్వే ఉద్యోగుల ఇళ్లకు పోయినా, వరంగల్ దేశాయిపేట వైపు సొంత ఇళ్లకు పోయినా తలుపు తీయగానే ముందు ఎదురొచ్చేది ఓ పామరేనియనో, లాబ్రడారో! దానికి ముద్దుపేరు పెడతాం. పుట్టినరోజు చేస్తాం. ఫొటోలు తీసి చుట్టాలకు పంపిస్తాం. సంతోషమే. మూగజీవిని ప్రేమించే ఇంట్లో పిల్లలు కూడా మెత్తని మనసుతో పెరుగుతారు.

అయితే ఒక్క ప్రశ్న. కుక్కను తెచ్చేదెవరు? చూసుకునేదెవరు? పిల్లలు మారాం చేస్తారు. వాళ్ల నాన్న తెస్తాడు. వారం పది రోజులు అందరికీ ముచ్చట. ఆ తర్వాత దానికి పెరుగన్నం కలపడం, స్నానం చేయించడం, అది పాడు చేసిన చోట ఫినాయిల్ వేసి కడగడం అన్నీ ఇల్లాలి పనుల్లో మరో పనిగా కలిసిపోతాయి. తెచ్చింది ఆడకుక్క అయితే ఇంకో పని కూడా కలుస్తుంది. ఏడాదికి ఒకట్రెండు సార్లు అది ఎదకు వచ్చినప్పుడు నేల మీద పడే రక్తపు మరకలు తుడవాలి, గేటు ముందు చేరే మగకుక్కలను తరమాలి. ఇవి కూడా ఇల్లాలివే. ఆ సంగతి మాత్రం ఎవరూ మాట్లాడరు. ఇంట్లో మగవాళ్ల ముందు చెప్పడానికి ఆవిడకూ మొహమాటమే!

ఆ మొహమాటమే ఎన్నో కుక్కల ప్రాణం తీస్తోందంటే నమ్ముతారా?

ఏమిటీ జబ్బు?

ఆడకుక్కలకు వచ్చే పెద్ద జబ్బుల్లో ఒకటి గర్భసంచికి చీము పట్టడం. డాక్టర్లు దీన్ని పయోమెట్రా అంటారు. ఇది కొత్త రోగమూ కాదు, అరుదైన రోగమూ కాదు. పిల్లలు కాకుండా ఆపరేషన్ చేయించని ఏ ఆడకుక్కకైనా రావచ్చు. నడివయసు దాటిన కుక్కల్లో ఎక్కువ.

ఎందుకొస్తుందో తెలుసుకుంటే సగం భయం పోతుంది. కుక్క ఎదకు వచ్చినప్పుడు కనిపించే రక్తాన్ని చూసి చాలామంది అది మన నెలసరి లాంటిదే అనుకుంటారు. కాదు. ఆడవాళ్లలో గర్భం నిలవకపోతే గర్భసంచి లోపలి పొర నెలనెలా రాలి బయటకు పోతుంది. కుక్కలో ఆ రక్తం ఎద మొదలైందనడానికి గుర్తు. అసలు కథ ఎద అయిపోయాక మొదలవుతుంది. మగకుక్కతో కలిసినా, కలవకపోయినా సుమారు రెండు నెలల పాటు దాని ఒంట్లో ప్రొజెస్టరాన్ అనే హార్మోను ఎక్కువగానే ఉంటుంది. అంటే కడుపు నిలవకపోయినా గర్భసంచి మాత్రం పిల్లలను మోయడానికి సిద్ధమై కూర్చుంటుంది. లోపలి పొర మందమవుతుంది, దాని గ్రంథుల్లో ద్రవం ఊరుతుంది. గర్భసంచి మూతి మూసుకుంటుంది. రోగాన్ని ఎదిరించే శక్తి అక్కడ తగ్గుతుంది.

ఎద సమయంలో ఆ మూతి తెరుచుకుని ఉన్నప్పుడు సూక్ష్మక్రిములు లోపలికి చేరి ఉంటే వాటికి ఇంతకన్నా మంచి చోటు ఏముంటుంది? వెచ్చదనం ఉంది, ఆహారం ఉంది, తరిమేవాళ్లు లేరు! వీటిలో ఎక్కువగా కనిపించేది ఈ-కోలై. మామూలుగా పేగుల్లో ఉండే క్రిమే. చేరకూడని చోట చేరి చీము పట్టిస్తుంది. ఒక ఎదతో కాకపోతే ఇంకో ఎదతో... ఏళ్లు గడిచేకొద్దీ లోపలి పొర చెడుతూ పోతుంది. అందుకే ఇన్నేళ్లూ నిక్షేపంగా ఉన్న కుక్క ఏడో ఏటో, ఎనిమిదో ఏటో ఉన్నట్టుండి కూలబడుతుంది.

ముందు కనిపెట్టేది మనమే

ఈ జబ్బు చాలాసార్లు ఎద అయిపోయాక నెలా, రెండు నెలలకు బయటపడుతుంది. ఆ ముడి తెలియకపోతే ఎదకూ, జబ్బుకూ సంబంధం ఉందని ఎవరికీ తట్టదు. 'మొన్ననే ఎద అయిపోయింది, బాగానే ఉండె' అనుకుంటాం.

మొదట అది నీళ్లు ఎక్కువ తాగుతుంది. గిన్నె నింపిన కాసేపటికే ఖాళీ! దాంతో మూత్రమూ ఎక్కువ. ఎన్నడూ ఇంట్లో పాడు చేయనిది హాల్లోనే పోసేస్తుంది. ఎండాకాలం కదా, దాహమేమో అని మనం సరిపెట్టుకుంటాం. వరంగల్ ఎండల్లో ఆ అనుమానం సహజమే. కానీ అసలు సంగతి వేరు. ఆ క్రిముల విషం మూత్రపిండాల పని చెడగొట్టి, ఒంట్లో నీరు నిలవకుండా చేస్తుంది. అందుకే అంత దాహం.

తర్వాత తిండి తగ్గుతుంది. వాంతులవుతాయి. పిలిస్తే తోక ఊపడానికి కూడా ఓపిక ఉండదు. కొన్నింటిలో వెనక భాగం నుంచి చీము, నెత్తురు కలిసిన వాసన కొట్టే స్రావం కారుతుంది. అది పదేపదే నాక్కుంటుంది. జ్వరం ఉండొచ్చు, లేకపోవచ్చు. జ్వరం లేదు కదా అని ఊరుకోవడానికి వీల్లేదు.

స్రావం కారుతున్న కుక్క ఒకరకంగా అదృష్టవంతురాలు. కనీసం మన కంటికి కనబడుతుంది. గర్భసంచి మూతి పూర్తిగా మూసుకుపోతే చుక్క కూడా బయటకు రాదు. చీమంతా లోపలే నిండుతుంది. పొట్ట ఉబ్బుతుంది. 'కడుపుతో ఉందేమో' అని ఇంట్లో సంబరపడ్డవాళ్లు కూడా ఉన్నారు! ఇది మరీ ప్రమాదం. విషం రక్తంలో కలుస్తుంది, లేదా గర్భసంచి పగిలి పొట్ట అంతా చీము పాకుతుంది. అప్పుడిక రోజులు కాదు, గంటలే లెక్క.

ఈ గుర్తుల్లో ప్రతి ఒక్కటీ ఎవరి కంట్లో పడుతుంది? నీళ్ల గిన్నె నింపే మనిషి కంట్లో, నేల తుడిచే మనిషి కంట్లో. అంటే మన కంట్లోనే. డాక్టరు దగ్గర స్కానింగు, రక్త పరీక్షలు ఎన్నయినా ఉండొచ్చు. వాటి దాకా కుక్క వెళ్లాలంటే మొదట ఇంట్లో ఎవరో ఒకరు నోరు తెరిచి చెప్పాలి కదా!

చెప్పడానికి ఎందుకింత జంకు?

హన్మకొండలో నాకు తెలిసిన ఒకింట్లో ఇదే జరిగింది. కుక్క రెండు రోజులుగా ముడుచుకుని పడుకుంది. ఇంటి కోడలు స్రావం చూసింది. అత్తగారితో చెప్పింది. 'ఆడదానికి ఉండేదే బిడ్డా, మైల పోతున్నది, అదే పోతది, పసుపు రాయి' అందావిడ. మామగారి ముందు, భర్త ముందు ఆ మాట ఎత్తడానికి కోడలికి సిగ్గు. భర్తతో 'తింటలేదు' అని మాత్రమే చెప్పింది. ఆయన మందుల షాపులో అరగని తిండికి ఇచ్చే మందు తెచ్చాడు. నాలుగో రోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేసరికి ఆయన అడిగిన మొదటి ప్రశ్న 'ఎదకు ఎప్పుడొచ్చింది?' ఇంటాయనకు తెలియదు. ఆయన ఇంటికి ఫోన్ చేసి అడిగితే అప్పుడు బయటపడింది అసలు సంగతి. ఆ కుక్క బతికింది, ఆపరేషన్ జరిగింది. కానీ ఇంకొక్క రోజు ఆలస్యమైతే చెప్పలేమని డాక్టరు అన్నాడట.

ఆ అత్తగారిని తప్పు పట్టడానికి నాకు మనసు రావడం లేదు. ఆవిడకు తన జీవితం నేర్పిందే అది. మన ఇళ్లలో ఆడదాని ఒంట్లో ఆ భాగానికి పేరు లేదు. తెల్లబట్ట అయినా, పొత్తికడుపులో నొప్పి అయినా ముందు దాచుకోవడం, ఓర్చుకోవడం, ఎప్పటికో డాక్టరు దగ్గరకు పోవడం... ఇదే కదా అలవాటు! మన ఒంటి గురించి మాట్లాడటానికి సిగ్గుపడేవాళ్లం, కుక్క ఒంటి గురించి మాత్రం ఎలా మాట్లాడతాం? నోరు లేని జీవి అది. మనకు నోరుండీ లేనట్టే ఉంటే దాని గతేం కావాలి?

'గర్భసంచి తీసేస్తారట!'

ఇక డాక్టరు దగ్గరకు చేరాక రెండో గండం మొదలవుతుంది. 'గర్భసంచి, అండాశయాలు తీసేయాలి' అంటాడాయన. ఆ మాట వినగానే ఇంట్లో ఆడవాళ్లే ఎక్కువ వ్యతిరేకిస్తారు. 'వద్దు సార్, ఏదైనా ఇంజెక్షన్ వేయండి' అని బతిమాలుతారు.

ఈ భయం ఊరికే పుట్టింది కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలు చూడండి. పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి సుమారు ముగ్గురైతే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది, తెలంగాణలో దాదాపు ఎనిమిది మంది! కడుపులో నొప్పి అని పోతే, తెల్లబట్ట అని పోతే 'పిల్లలు పుట్టారు కదా, ఇంకెందుకు? తీసేద్దాం, లేకుంటే క్యాన్సర్ వస్తుంది' అని భయపెట్టి ముప్పై ఏళ్లకే గర్భసంచి తీసేయించిన కథలు మన తండాల్లో, పల్లెల్లో ఎన్ని లేవు? ఆ తర్వాత నడుం నొప్పులు, ఒంట్లో ఆవిర్లు, కూలికి పోలేని నీరసం... ఇవన్నీ చూసిన ఆడవాళ్లు 'గర్భసంచి తీసేస్తాం' అనే మాట వింటే ఉలిక్కిపడరా?

ఆ అనుమానం మనుషుల విషయంలో న్యాయమే. ఇంకో డాక్టరును అడగాలి, కారణం చెప్పమని నిలదీయాలి. అందులో రెండో మాట లేదు. కానీ అదే అనుమానాన్ని తెచ్చి చీము పట్టిన కుక్కకు అంటగడితే అది చచ్చిపోతుంది. మనకు మందులతో తగ్గే చిన్న జబ్బుకు గర్భసంచి తీసేస్తున్నారు. కుక్కకేమో తీసేస్తే తప్ప బతకని జబ్బుకు మనం తీయనివ్వడం లేదు! రెండు చోట్లా నష్టపోతున్నది ఆడప్రాణమే. రెండింటికీ మూలం ఒక్కటే, ఒంటి గురించి మనకు ఎవరూ విడమరిచి చెప్పకపోవడం.

ఇంజెక్షన్లతో ఎందుకు తగ్గదని అడగొచ్చు. యాంటీబయాటిక్ ఇస్తే క్రిములు కొంత చస్తాయి, కుక్క ఒకటి రెండు రోజులు తేరుకున్నట్టు కనిపిస్తుంది. కానీ సంచిలో నిండిన చీము ఎక్కడికి పోతుంది? చెడిపోయిన పొర ఎలా బాగవుతుంది? మళ్లీ ఎద వస్తే మళ్లీ అదే కథ. పిల్లలు కావాలనుకునే చిన్న వయసు కుక్కల్లో, మూతి తెరిచి ఉన్నప్పుడు, డాక్టరు దగ్గరుండి హార్మోను మందులతో చీము బయటకు పోయేలా చేసే వైద్యం ఉంది. అది అందరికీ పనికిరాదు, తిరగబెట్టే ప్రమాదమూ ఉంది. సెలైన్లు పెట్టి, యాంటీబయాటిక్ ఇచ్చి, కుక్కను కాస్త నిలబెట్టి ఆపరేషన్ చేయడమే నమ్మకమైన దారి. వేళకు చేస్తే ఎక్కువ కుక్కలు బతికి బయటపడతాయి.

ఇంకో హెచ్చరిక. మన మాత్రల డబ్బా తెరిచి నొప్పి మాత్ర ఏదో ఒకటి వేయకండి. మనకు పడే ఐబుప్రొఫెన్ లాంటి మాత్రలు కుక్క పొట్టనూ, మూత్రపిండాలనూ దెబ్బతీస్తాయి. ఎద రాకుండా వేయించే హార్మోను ఇంజెక్షన్లూ అంతే. తొందరకు సుఖంగా కనిపించినా, ఈ జబ్బు వచ్చే ప్రమాదాన్ని అవే పెంచుతాయి.

'ఒక్కసారైనా తల్లి కావద్దా?'

జబ్బు వచ్చాక పరుగెత్తే బదులు రాకుండానే చేసుకునే దారి ఉంది. వయసులో ఉండగానే, ఆరోగ్యంగా ఉండగానే పిల్లలు కాని ఆపరేషన్ చేయించడం. అండాశయాలు, గర్భసంచి తీసేస్తే చీము పట్టడానికి చోటే ఉండదు. చిన్న వయసులో చేయిస్తే రొమ్ములో గడ్డలు వచ్చే ప్రమాదం కూడా తగ్గుతుందని పశువైద్యులు చెబుతారు.

ఈ మాట అనగానే వచ్చే జవాబు 'పాపం, ఒక్కసారైనా తల్లి కావద్దా?' అని. మనకు పెళ్లైన ఏడాది నుంచీ అందరూ వేసిన ప్రశ్నే ఇది! పిల్లలు లేకపోతే ఆడజన్మ వృథా అని మనల్ని ఎంత వేధించారో, ఆ వేధింపునే ప్రేమ అనుకుని కుక్కకు పంచుతున్నాం. కుక్కకు అలాంటి బెంగ ఉండదు. పిల్లల్ని పెట్టిందని ఈ జబ్బు రాదన్న హామీ కూడా లేదు.

పుట్టిన పిల్లల సంగతి చూడండి. ఐదారు పుడితే మగపిల్లల కోసం వరస కడతారు. ఆడపిల్లలను మాత్రం 'వద్దులే, ఎదకొస్తది, తలనొప్పి' అంటారు. చివరికి వాటిని ఏ గుడి దగ్గరో, ఏ హోటలు వెనకో వదిలిపెట్టేవాళ్లున్నారు. ఈ మాటలు మనం ఎక్కడో విన్నట్టు లేదూ? ఇక పిల్లలను అమ్ముకోవడానికే ఎద ఎదకూ కడుపు చేయించే ఇళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు.

'ప్రకృతికి విరుద్ధం కదా' అంటారు మరికొందరు. కుక్కను నాలుగో అంతస్తులో పెట్టి, గొలుసు వేసి, ఏడాదికి రెండుసార్లు గదిలో బంధించడం ప్రకృతేనా? ప్రకృతిని మనం ఎప్పుడో దాటించాం. దాటించిన వాళ్లమే బాధ్యతా తీసుకోవాలి.

ఇది మన దగ్గరే ఉన్న సమస్య కూడా కాదు. స్వీడన్‌లో ఆరోగ్యంగా ఉన్న ఆడకుక్కకు ఈ ఆపరేషన్ చేయించే అలవాటు చాలాకాలం లేదు. అక్కడ కుక్కలకూ బీమా ఉంటుంది కాబట్టి జబ్బుల లెక్కలు పక్కాగా దొరుకుతాయి. 2001లో వెలువడిన ఆ లెక్కల ప్రకారం పదేళ్లు వచ్చేసరికి దాదాపు నాలుగో వంతు ఆడకుక్కలకు ఈ జబ్బు వచ్చింది. నాలుగింట ఒకటి! అంత శ్రద్ధగా చూసుకునే దేశంలోనే అలా ఉంటే మన సంగతేమిటి?

ఆపరేషన్ వల్ల ఇబ్బందులే ఉండవని నేననను. కొన్ని కుక్కలు లావెక్కుతాయి, తిండి తగ్గించి తిప్పాలి. కొన్నింటికి వయసు మీద పడ్డాక మూత్రం ఆగదు. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ లాంటి పెద్ద జాతులకు ఎముకలు ఎదిగేదాకా ఆగడం మేలని కొందరు డాక్టర్లు అంటారు. అందుకే ఏ వయసులో చేయించాలో మీ కుక్కను చూసిన డాక్టరునే అడగండి. అడగడం మాత్రం వాయిదా వేయకండి.

వీధి కుక్కకున్న భాగ్యం...

2023 మే నెలలో కాజీపేట రైల్వే క్వార్టర్స్ దగ్గర వీధికుక్కల దాడిలో ఒక చిన్నబాబు చనిపోయాడు. ఆ దుఃఖం మన నగరం మరిచిపోలేదు. కుక్కలకు ఆపరేషన్లు చేయాలన్న మాట అప్పుడు ఊరంతా మార్మోగింది. వీధికుక్కలను పట్టి, పిల్లలు కాకుండా ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసే పద్ధతికి దేశంలో 2001లోనే నిబంధనలు వచ్చాయి. 2023లో వాటి స్థానంలో కొత్తవి వచ్చాయి. చెవి కొసన చిన్న కోత ఉన్న కుక్క వీధిలో కనబడితే దానికి ఆపరేషన్ అయిందని గుర్తు.

వింత చూడండి! చెవికి కోత ఉన్న ఆ వీధి ఆడకుక్కకు ఇక గర్భసంచికి చీము పట్టే భయం లేదు. మన సోఫా మీద పడుకునే ముద్దులకుక్కకు ఉంది. మున్సిపాలిటీ పట్టుకెళ్లి చేసే పని, ఇంట్లో బిడ్డ అంటూ ముద్దు చేసే మనం చేయించడం లేదు.

మనం చేయాల్సింది

పెద్ద ఖర్చేమీ లేని పని ముందు చెబుతా. వంటింట్లో గోడకు క్యాలెండర్ ఉంటుంది కదా! పాలవాడి లెక్క, గ్యాస్ బండ తేదీ రాసుకున్నట్టే కుక్క ఎదకు వచ్చిన తేదీ కూడా రాసుకోండి. అక్కడి నుంచి మూడు నెలల దాకా ఒక కన్ను వేసి ఉంచండి. ఆ రోజుల్లో నీళ్లు ఎక్కువ తాగినా, తిండి మానినా, స్రావం కనిపించినా, పొట్ట ఉబ్బినా అదే రోజు డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. 'ఎద ఫలానా తేదీన అయింది' అని ముందే చెప్పండి. ఆ ఒక్క మాట డాక్టరుకు సగం దారి చూపిస్తుంది.

పట్నం పోవాల్సిన పని లేదు. వరంగల్ నుంచి ఖమ్మం పోయే దారిలో మామునూరులో పశువైద్య కళాశాలే ఉంది. మన వరంగల్ గడ్డ మీద పుట్టిన పి.వి.నరసింహారావు పేరు పెట్టిన పశువైద్య విశ్వవిద్యాలయం కిందిదే అది. పశుసంవర్ధక శాఖ ఆసుపత్రులు ఉన్నాయి, ప్రైవేటు డాక్టర్లూ ఉన్నారు. ఎక్కడ ఏ రోజు ఆపరేషన్లు చేస్తారో జబ్బు రాకముందే కనుక్కుని పెట్టుకుంటే అర్ధరాత్రి తిప్పలు తప్పుతాయి.

ఖర్చు సంగతి కూడా ఇంట్లో ముందే మాట్లాడుకోవాలి. కుక్కను కొనడానికి వేలకు వేలు పెట్టినవాళ్లు ఆపరేషన్ అనగానే 'కుక్కకు అంత అవసరమా?' అంటారు. తెచ్చిన రోజే ఆ డబ్బు విడిగా పెట్టించండి. పెట్టలేమంటే తేవద్దనండి. రోజూ చాకిరీ చేసే మనిషికి ఆ మాట అనే హక్కు ఉంది.

ఇక డాక్టర్లకూ ఒక విన్నపం. కుక్కను పట్టుకొచ్చింది మగవాళ్లే అయినా, ఇంట్లో దాన్ని చూసుకునే ఆవిడతో ఫోన్లోనైనా మాట్లాడండి. మీకు కావలసిన సమాధానాలు ఆవిడ దగ్గరే ఉంటాయి. ఆపరేషన్ ఎందుకో ఆవిడకు అర్థమయ్యేలా చెప్పండి. 'తీసేయాలి' అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఆవిడకు గుర్తొచ్చేది తన అక్కో, చెల్లెలో పడ్డ బాధలే.

ఇంట్లో ఎదిగే ఆడపిల్ల ఉంటే ఈ మాటలన్నీ ఆ పిల్ల ముందే మాట్లాడండి. కుక్క గర్భసంచి గురించి అమ్మ జంకు లేకుండా డాక్టరుతో మాట్లాడటం చూసిన పిల్ల, రేపు తన కడుపులో నొప్పి వచ్చినప్పుడు దాచుకోదు. డాక్టరు ఏదైనా తీసేయాలంటే 'ఎందుకు?' అని అడగడానికి భయపడదు.